ప్రాసెసర్‌కి పెద్ద ఎయిర్ కూలర్: మన ఎండల్లో వాడినవాళ్లు చెప్పండి

మూడులాంతర్లు (విజయనగరం)
పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ప్రాసెసర్ ఇంటెల్ 13700కె, దాని మీద చవక సింగిల్ ఫ్యాన్ కూలర్. రెండర్ (ఎడిట్ చేసినది వీడియో ఫైల్‌గా తయారవడం) పెట్టిన రెండు నిమిషాలకే 100 డిగ్రీలు తాకి స్పీడ్ పడిపోతోంది. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ మధ్యలోనే మూసుకుపోతోంది. మాఘమాసం పెళ్లిళ్లు ఎలాగో లాక్కొచ్చాను, వైశాఖం ముహూర్తాలు తలుచుకుంటేనే టెన్షన్. నాక్టువా ఎన్‌హెచ్-డి15 మీద మనసుంది. కానీ అందులో సగం డబ్బు కూడా పెట్టకుండా థర్మల్‌రైట్ పీర్‌లెస్ అస్సాసిన్ 120 ఎస్ఈ వస్తోంది. ఆ తేడాకి తగ్గ పని ఉందా? నా కేబినెట్‌లో పడుతుందా? ర్యామ్‌కి ఫ్యాన్ తగులుతుందా? ఇంకో సంగతి, సిస్టమ్ ఉన్న గదిలోనే అమ్మ పడుకుంటుంది. రాత్రి చప్పుడు ఉండకూడదు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
కళ్లు మూసుకుని డి15 కొనెయ్ బ్రో. నాది 12700కె. ప్రాసెసర్‌ని పూర్తిగా పరుగెత్తించే సినీబెంచ్ టెస్ట్ పది నిమిషాలు తిప్పినా 74 దాటలేదు. ఏసీ కూడా లేదు. ఇంకేటి కావాలి?

పలాస_జీడి
పంపుతో నీళ్లు తిప్పి ప్రాసెసర్‌ని చల్లబరిచే వాటర్ కూలర్ జోలికి మాత్రం వెళ్లకు తమ్ముడూ. నేను వెళ్లి దెబ్బతిన్నాను. మూడో ఏడు పంపు ఆగిపోయింది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి బాగానే ఉందనుకున్నాను. సిస్టమ్ ఆన్ చేసిన నిమిషానికే ఆఫ్ అయ్యేది. వారం రోజులు పవర్ సప్లై మీద అనుమానపడి, కొత్తది కొని మార్చాను కూడా. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే. అది పోతే ఇంకోటి బిగించుకుంటాం.

నెల్లిమర్ల_జనపనార
అతను వాటర్ కూలర్ ఊసే ఎత్తలేదు కదండీ.
నా అనుభవం దుమ్ము గురించి. మా ఇల్లు జూట్ మిల్లుకి దగ్గర. నార పీచు గాల్లో తేలుతూ వచ్చి కూలర్ రేకుల మధ్య దూదిలా పేరుకుంటుంది. ఆరు నెలలకోసారి ముందు ఫ్యాన్ తీసి చూస్తే రేకులు కనబడవు, బూడిదరంగు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. పెయింట్ బ్రష్‌తో దులిపితే ఎనిమిది డిగ్రీలు దిగింది. ఎంత ఖరీదైనది కొన్నా శుభ్రం చెయ్యకపోతే ఒకటే.

బొబ్బిలి_కోట
@నాగావళి_గట్టు, ఆ 74 ఏ నెలలో చూశావు? అప్పుడు గదిలో ఎంత ఉంది?

నాగావళి_గట్టు
సంక్రాంతి సెలవుల్లో. గది టెంపరేచర్‌తో పనేంటి? ప్రాసెసర్ మీద రీడింగే కదా చూడాల్సింది.

బొబ్బిలి_కోట
అసలు పనంతా దానితోనే. ఎయిర్ కూలర్ గది గాలి కంటే చల్లబరచలేదు. వేడిని ఆ గాలిలోకి వదలడమే దాని పని. సంక్రాంతికి గది 24 ఉంటే నీ తేడా 50. రోహిణి కార్తెలో అదే గది 36 ఉంటుంది. 36కి 50 కలుపు, 86. అదే కూలర్, అదే ప్రాసెసర్. సంక్రాంతి రీడింగ్ చూపించి ఎండాకాలానికి కొనమంటే ఎలా?

నాగావళి_గట్టు
సొంత డబ్బు పెట్టి కొన్నవాడిని, వాడి చెబుతున్నాను. మీరు డి15 ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? కాగితం మీద లెక్కలు ఎవరైనా కడతారు.

బొబ్బిలి_కోట
2016లో కొన్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. అప్పట్లో 6700కె మీద ఉండేది. 2022లో 12600కెకి మారినప్పుడు నాక్టువా వాళ్లకి బిల్లు పంపితే కొత్త సాకెట్‌కి బిగింపు కిట్ ఉచితంగా ఇచ్చారు. రెండు సిస్టమ్‌లు, ఒకే కూలర్. మంచి సరుకని నాకూ తెలుసు. నేను అడిగింది రీడింగ్ గురించి.

చీపురుపల్లి_కోడర్
మీ ఇద్దరి గొడవలో ఇంకోటి మర్చిపోతున్నారు. రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్లు 95 డిగ్రీల దగ్గర పనిచేసేలాగే తయారుచేశామని ఏఎండీ వాళ్లే చెప్పారు. ఏ చిప్పో చెప్పకుండా డిగ్రీలు పోల్చకూడదు.

రాజాం_అసెంబ్లర్
పదిహేనేళ్లుగా సిస్టమ్‌లు బిగిస్తున్నాను. నా చేతి మీదుగా వెళ్లినవి నాలుగు వందలకు తక్కువ ఉండవు. కూలర్ ఏదైనా, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి అందించే పేస్ట్ పెట్టడంలోనే ఉంది అంతా. పెసరబద్దంత పెట్టి మీద నుంచి నొక్కాలి. చాలామంది గోడకి సున్నం వేసినట్టు పూస్తారు.

నెల్లిమర్ల_జనపనార
12వ తరం నుంచి ఇంటెల్ చిప్ పొడుగ్గా ఉంటుంది గురువుగారూ. మధ్యలో ఒక్క చుక్క పెడితే చివర్లకి సరిగా అందదు. గీతలా గాని, ఎక్స్ ఆకారంలో గాని పెట్టాలి. కాస్త ఎక్కువైతే పక్కలకి కారుతుంది, తక్కువైతేనే నష్టం.

రాజాం_అసెంబ్లర్
నాలుగు వందలు బిగించినవాడికి చెబుతున్నారా?

పలాస_జీడి
పేస్ట్ అంటే గుర్తొచ్చింది. పోయిన ఏడాది మా తోడల్లుడి సిస్టమ్ 95కి పోతోందని విప్పాం. ఓ షాపులో బిగించి ఇచ్చిందే. కూలర్ అడుగున రాగి మీద పల్చటి ప్లాస్టిక్ రేపర్ అలాగే ఉంది, దాని మీదే పేస్ట్. వేడికి ముడతలు పడి అంచులు పసుపెక్కాయి. ‘బిగించే ముందు తీసెయ్యండి’ అని దాని మీద ఇంగ్లీషులో రాసుంది కూడా. గోటితో లాగితే వచ్చేసింది. మళ్లీ బిగిస్తే 70. ఎనిమిది నెలలు ఆ కుర్రాడు ప్రాసెసర్ మంచిది కాదనుకున్నాడు.

కళింగపట్నం_కెరటం
సముద్రం పక్కన ఉండేవాళ్లు ఇది గమనించండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తర్వాత మాకు రోజుల తరబడి కరెంట్ లేదు. ఇల్లంతా తేమ, సిస్టమ్ కదలకుండా పడుంది. తర్వాత చూస్తే కేబినెట్ స్క్రూలు, ఫ్యాన్ పట్టుకునే తీగ క్లిప్పులు తుప్పు పట్టాయి. నికెల్ పూతున్న రాగి గొట్టాలకి మాత్రం ఏమీ కాలేదు. పూత లేని చవక కూలర్ మాకు పనికిరాదు.

ఆముదాలవలస_కుర్రాడు
నేను ఎండాకాలం గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ తెచ్చి సిస్టమ్ ఎదురుగా పెడతాను. చల్లగా ఉంటుంది. ఇంత ఖర్చెందుకు?

కళింగపట్నం_కెరటం
బాబూ, ఆ పని చెయ్యొద్దు. నీళ్ల కూలర్ పొడి గాలి ఉన్న ఊళ్లలో పనిచేస్తుంది. మన గాలిలో ఇప్పటికే తేమ నిండా ఉంది, నీరు ఆవిరైతేనే కదా చల్లబడేది. చల్లదనం రాదు, మదర్‌బోర్డ్‌కి తడి గాలి మాత్రం తగులుతుంది. వెంటనే పక్కకి జరుపు.

ఆముదాలవలస_కుర్రాడు
రెండేళ్లుగా పెడుతున్నాను, ఏమీ కాలేదు.

కళింగపట్నం_కెరటం
నా పాత బోర్డుకి కూడా మూడో ఏడు దాకా ఏమీ కాలేదు.

గంటస్తంభం_గేమర్ (విజయనగరం)
డి15 రెండు ఫ్యాన్లతో కలిపి 1,300 గ్రాముల పైనే ఉంటుంది. నేను విశాఖలో బిగించి బస్సులో సిస్టమ్‌ని నిలబెట్టి తెచ్చాను. ఇంటికొచ్చేసరికి కూలర్ ఒక పక్కకి వాలింది. బోర్డు వంగలేదు, నా అదృష్టం. అంత బరువున్నది తెచ్చేటప్పుడు మదర్‌బోర్డ్ అడుగున ఉండేలా కేబినెట్‌ని పడుకోబెట్టండి, లేదా కూలర్ విప్పి విడిగా తెచ్చుకోండి.

మూడులాంతర్లు
అన్నలూ, నా ప్రశ్నలు అలాగే ఉన్నాయి. మే నెలలో నా గది 37 దాకా పోతుంది, ఏసీ లేదు. రేపు ఆర్డర్ పెట్టాలి.

చీపురుపల్లి_కోడర్
13700కె ఫుల్ లోడ్‌లో 253 వాట్ల దాకా లాగుతుంది. చాలా బోర్డులు ఆ హద్దు కూడా తీసేసి 4096 వాట్లని పెట్టి వదిలేస్తాయి. కూలర్ కొనే ముందు బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవగానే తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) పవర్ లిమిట్ 180కి దించి ఒక రెండర్ పెట్టి చూడు. టైమ్ కొద్దిగానే పెరుగుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఆ వాట్లకి పీర్‌లెస్ సరిపోతుంది. డి15తో వచ్చే తేడా కొద్ది డిగ్రీలే. నువ్వు ఎక్కువ పెట్టే డబ్బు రాత్రి నిశ్శబ్దానికి, ఆరేళ్ల వారంటీకి.
సాఫ్ట్‌వేర్ మూసుకుపోవడం వేడి వల్లే అని అనుకోకు. 13, 14 తరాల చిప్పుల్లో వోల్టేజ్ సమస్య ఉందని ఇంటెలే ఒప్పుకుంది. 2024 ఆగస్టులో దాన్ని సరిచేసే 0x129 మైక్రోకోడ్ ఇచ్చారు, అది బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది, బాక్సులో వచ్చిన చిప్పులకి వారంటీ రెండేళ్లు పెంచారు. ముందు బయోస్ అప్‌డేట్ చెయ్యి. అయినా మూసుకుపోతుంటే వారంటీలో మార్పించుకో, కూలర్ మీద డబ్బు పొయ్యకు.

బొబ్బిలి_కోట
కొలతలు నేను చెబుతాను. డి15 ఎత్తు 165 మి.మీ. రెండు ఫ్యాన్లతో పెడితే కింద ర్యామ్‌కి 32 మి.మీ. చోటే ఉంటుంది. నీ ర్యామ్ అంతకంటే పొడుగైతే ముందు ఫ్యాన్ పైకి జరపాలి, అప్పుడు మొత్తం ఎత్తు ఇంకా పెరుగుతుంది. పీర్‌లెస్ 155, డీప్‌కూల్ ఏకే620 అయితే 160. సైడ్ ప్యానెల్ విప్పి, ప్రాసెసర్ పై మట్టం నుంచి కేబినెట్ అంచు దాకా స్కేలు నిలబెట్టి చూడు.

నాగావళి_గట్టు
@బొబ్బిలి_కోట, ఇవాళ మధ్యాహ్నం గదిలో థర్మామీటర్ పెట్టి మళ్లీ తిప్పాను. గది 34, ప్రాసెసర్ 85. మీ లెక్కకి ఒక డిగ్రీ తేడా. నిన్న గట్టిగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి.

రాజాం_అసెంబ్లర్
పేస్ట్ పెసరబద్దంతే పెట్టాలి. నా మాట మారదు.

మూడులాంతర్లు
కొలిచాను. 158 వచ్చింది. డి15 పట్టదు, ఏకే620 కూడా పట్టదు. బయోస్ అప్‌డేట్ చేసి 180 వాట్లు పెట్టాను, రాత్రి నుంచి మూడు రెండర్లు మధ్యలో ఆగకుండా పూర్తయ్యాయి. పాత కూలర్‌తో ఇంకా 96 చూపిస్తోంది, ఫ్యాన్ చప్పుడుకి అమ్మ రెండుసార్లు లేచింది. పీర్‌లెస్ ఆర్డర్ పెట్టేశాను. దాని అడుగున కూడా ప్లాస్టిక్ రేపర్ ఉంటుందా జీడి అన్నా?

పలాస_జీడి
ఉన్నా లేకపోయినా గోటితో ఒకసారి గీకి చూడు తమ్ముడూ.