బంపర్ సొట్టకి వేడినీళ్ళు పోయాలా, షెడ్డుకి ఇవ్వాలా?

పటమట_సెల్లార్:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటే వెనక బంపర్ ఎడమ మూల పిల్లర్‌కి తగిలింది. అన్నం పళ్ళెమంత సొట్ట పడింది. రంగు ఊడలేదు, పగులు కనపడలేదు, రెండు సన్నని గీతలున్నాయి. కారు కొని రెండేళ్ళే అయింది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది. ఆటోనగర్‌లో అడిగితే బంపర్ ఊడదీసి, సొట్ట తీసి, మొత్తం రంగు వేయాలన్నారు. మా బావమరిదేమో "మరిగే నీళ్ళు పోసి లోపలి నుంచి నెట్టు బావా, వచ్చేస్తుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట_మేడ:
మీ బావమరిది మాట వినండి. గుంటూరులో మా కారుకి నేనే చేసుకున్నాను. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. లోపలివైపు 'పీపీ' అని అచ్చు ఉంటుంది, టార్చి వేసి చూడండి. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడే ప్లాస్టిక్ అది. 160 డిగ్రీల దగ్గర గానీ కరగదు, మరిగే నీళ్ళు 100 దాటవు. అందుకే నీళ్ళతో చేస్తే బంపర్ కరుగుతుందన్న భయం లేదు.

మధ్యాహ్నం ఎండలో పెట్టి చేయండి. రోళ్ళు పగిలే ఎండ మనకి ఇక్కడే పనికొస్తుంది, ప్లాస్టిక్ ముందే సగం వేడెక్కి ఉంటుంది. వెనక చక్రం దగ్గర లోపలి కవర్ స్క్రూలు విప్పితే చెయ్యి పడుతుంది. సైలెన్సర్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి. సొట్ట అంచుల నుంచి మొదలుపెట్టి నీళ్ళు నెమ్మదిగా పోస్తూ, మందపాటి గ్లౌజులతో లోపలి నుంచి నెట్టాలి. మధ్యలో పొడవకండి, అంచుల నుంచి లోపలికి రండి. ఒక్కసారికి రాదు, మూడు నాలుగుసార్లు పోయాలి. ఆకారం రాగానే చల్లటి నీళ్ళు పోస్తే అలాగే బిగుసుకుంటుంది. ఈ నెలల్లో ట్యాంకు నీళ్ళే కాగినట్టు వస్తాయి, అందుకని ముందే నాలుగు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

టింకరింగ్_22ఏళ్ళు:
అన్నా, నేను ఈ పనిలోనే ఉన్నాను. వేడినీళ్ళు పనిచేయవని నేను అనను, మేమూ వేడితోనే తీస్తాం. కానీ సొట్టలన్నీ ఒకటి కాదు. గుండ్రంగా లోపలికి పోయినది వస్తుంది. పదునుగా మడత పడినది నీళ్ళకి పూర్తిగా రాదు, అక్కడ ప్లాస్టిక్ సాగిపోయి ఉంటుంది. ఇంకా బలంగా నెట్టితే పగులుతుంది. మడత మీద పైపొర వార్నిష్ కూడా చిట్లుతుంది. ఇవాళ కనపడదు, వానలకి నీళ్ళు దిగి కొన్నాళ్ళకి పొరలు పొరలుగా లేస్తుంది. తెల్ల కారుకి అంతగా తెలియదు, నల్ల కారుకి దూరం నుంచే తెలుస్తుంది.

అసలు నా భయం రంగు గురించి కాదు. బంపర్ వెనక బ్రాకెట్, క్లిప్పులు, పార్కింగ్ సెన్సార్ వైర్లు ఉంటాయి. పైన నున్నగా వచ్చిందని తిప్పుకుంటారు, లోపల బ్రాకెట్ విరిగి ఉంటే ఏదో ఒక రోజు హైవే మీద మూల ఊగడం మొదలవుతుంది. ఇంకొకటి, హీట్ గన్ మాత్రం వద్దు. ఆ గాలి 300 డిగ్రీలు దాటుతుంది, చెయ్యి తిరగనివాళ్ళు పట్టుకుంటే రంగు బుడగలొస్తుంది.

బ్రాడీపేట_మేడ:
హీట్ గన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ రంగు పోని బంపర్‌కి మొత్తం రంగు ఎందుకన్నా? కంపెనీలో పడిన రంగుని చేతులారా గీకేసి కొత్తది వేయించుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మా పాత కారుకి ఒక షెడ్డులో ఇనుప రేకుకి పెట్టే లప్పమే బంపర్‌కీ పెట్టారు. ఆరు నెలలు తిరక్కుండానే పెచ్చు పెచ్చుగా ఊడింది. ఆ రోజు నుంచే సొంతంగా నేర్చుకున్నాను.

టింకరింగ్_22ఏళ్ళు:
అది తప్పే. పాలీప్రొపిలీన్ మీద లప్పం గానీ రంగు గానీ నేరుగా పట్టదు, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాకే వేయాలి. లప్పం కూడా ప్లాస్టిక్‌తో పాటు వంగేది వేరే ఉంటుంది. ఎక్కడ ఇచ్చినా ఈ రెండూ వాడతారా అని ముందే అడగండి. తడుముకుంటే ఆ షెడ్డు వదిలేయండి.

సత్యనారాయణపురం_అక్క:
ఇన్సూరెన్స్ మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఆ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఇంత చిన్నదానికి క్లెయిమ్ వేయకండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి సగం తరుగు తీసేస్తారు. 1500 సీసీ లోపు కారైతే ఇంకో 1,000 మీరే పెట్టుకోవాలి. 6,000 పెట్టి బంపర్ మార్చారనుకుందాం, కూలీ సంగతి పక్కన పెడితే వచ్చేది 2,000. దానికోసం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అది మొదటి ఏడాది 20 శాతంతో మొదలై అయిదేళ్ళకి 50 శాతం అవుతుంది, ఒక్క క్లెయిమ్‌తో మళ్ళీ సున్నా. జీరో డిప్రిసియేషన్ తీసుకున్నవాళ్ళకి తరుగు కోత ఉండదు గానీ బోనస్ మాత్రం వాళ్ళకీ పోతుంది. బోనస్ కాపాడే కవర్ విడిగా తీసుకుని ఉంటేనే నిలుస్తుంది.

పటమట_సెల్లార్:
ఈ మధ్యాహ్నం చేశాను. మూడో విడత నీళ్ళకి 'ఠప్' మని పెద్ద సొట్ట బయటికి వచ్చేసింది, ఆ శబ్దానికి ప్రాణం లేచి వచ్చింది. లైటు పక్కన వేలెడంత మడత మాత్రం అలాగే ఉంది, టింకరింగ్ అన్న చెప్పినట్టే. టార్చి వేసి చూస్తే లోపల బ్రాకెట్ చెవి ఒకటి విరిగింది. సెన్సార్ బాగానే కూస్తోంది.

బ్రాడీపేట_మేడ:
సంతోషం! బ్రాకెట్ వేయించండి, రంగు మాత్రం వేయించకండి.

టింకరింగ్_22ఏళ్ళు:
మొత్తం వద్దన్నా సరే, ఆ మడత మీద మాత్రం కొట్టించన్నా. నీళ్ళు దిగకూడదు.

పటమట_సెల్లార్:
సోమవారం బ్రాకెట్ వరకు చేయిస్తాను. మడత సంగతి వానలు మొదలయ్యేలోపు చూస్తాను. ప్లాస్టిక్ ప్రైమర్ వాడతారా అని అడిగే లోపలికి వెళ్తాను.