పట్టాలెక్కినదా, పట్టాలెక్కనిదా?

అరసున్న:
ఒక వాక్యం చాలాకాలంగా నన్ను వదలడం లేదు. అమెరికా ప్రయాణాల మీద వచ్చిన ఒక పాత తెలుగు వ్యాసంలో, రోడ్డు పక్కన రైలుపెట్టెలా నిలబడి ఉన్న డైనర్‌ను, అంటే అక్కడి చిన్న భోజనశాలను, వర్ణిస్తూ రచయిత “పట్టాలెక్కని పూటకూళ్ళిల్లు” అన్నారని నా జ్ఞాపకం. ఆ వ్యాసమే చదివిన మిత్రుడొకరు మాత్రం “పట్టాలెక్కిన పూటకూళ్ళిల్లు” అనే అంటారు. పత్రిక పేరు ఇద్దరికీ గుర్తు లేదు. రెండు పాఠాల్లోనూ మాత్రలు ఎనిమిదీ ఎనిమిదే కాబట్టి నడకను బట్టి తేల్చే వీలు లేదు. తేడా అంతా ఒక్క గుడిది, అంటే ఇకారపు గుర్తుది. అది క్క మీద ఉందా, న మీద ఉందా అన్నదే నా ప్రశ్న.

శకటరేఫ:
అరసున్న గారూ, గుడి న మీదే ఉండాలి. డైనర్లన్నీ రైల్వేవారు వదిలేసిన భోజనపు పెట్టెలేనన్న అపోహ అమెరికాలోనే బలంగా ఉంది; ఆ అపోహను ఒక్క మాటతో తుడిచివేయడానికే రచయిత “ఎక్కని” అని ఉంటారు. డైనర్ వంశం రైలుది కాదు, గుర్రపు బండిది. 1872లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన, ఊళ్లో హోటళ్లు మూసేశాక కూడా మేలుకొని పనిచేసే పత్రికాఫీసుల వాళ్ల కోసం, గుర్రం లాగే బండిలో తిండి తెచ్చి అమ్మడం మొదలుపెట్టారు. కొన్నవాళ్లు వీధిలో నిలబడే తినేవారు. 1887లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో శామ్యూల్ జోన్స్ కొనేవాళ్లు కూడా లోపలికి వచ్చి నిలబడగలిగేంత బండి కట్టించారు. వానలో, మంచులో తడవకుండా తినే వీలు దానితోనే వచ్చింది, నా దృష్టిలో డైనర్ అనే కట్టడం పుట్టింది ఆనాడే. 1891లో అదే ఊరి చార్లెస్ పామర్ ఇలాంటి బండి నమూనాకు పేటెంటు పొందారు. తర్వాత థామస్ బక్లీ వాటిని పెద్ద ఎత్తున తయారు చేయించి ఊరూరికీ పంపారు. 1906లో మొదలైన వూస్టర్ లంచ్ కార్ కంపెనీ మూతపడేలోగా దాదాపు 650 డైనర్లు చేసింది. ఈ వరసలో ఎక్కడా పట్టా అన్న మాటే లేదు.

మరి రైలు పోలిక ఎక్కడిదంటే, అది కావాలని తెచ్చిపెట్టుకున్నది. కప్పు నడిమి భాగాన్ని పైకి లేపి, ఆ ఎత్తుకు రెండు వైపులా చిన్న కిటికీలు పెట్టడం రైలుపెట్టెల నుంచి తీసుకున్న పద్ధతి. పొగా వేడీ పైనుంచి పోవడానికి అది అక్కరకు వచ్చింది. వూస్టర్ వారికి మాత్రం పీపాను నిలువునా కోసి బోర్లించినట్టుండే గుండ్రటి కప్పంటేనే ఇష్టం.

ద్రుతం:
శకటరేఫ గారి వంశవృక్షంలో ఒక కొమ్మ తప్పిపోయింది. 1890ల్లో నగరాల్లో ట్రాములకు కరెంటు వచ్చినప్పుడు, అప్పటిదాకా గుర్రాలు లాగిన ట్రాము పెట్టెలను కారుచౌకగా అమ్మేశారు. వాటిని కొన్నవాళ్లు చాలామంది లోపల పొయ్యి పెట్టి భోజనశాలలుగా మార్చారు. వాటికి అంత మంచి పేరు లేదనడం నిజమే, కాని అవి ఒకప్పుడు పట్టాల మీద తిరిగినవే గదా! ఇక రెండో సంగతి దీనికంటే ముఖ్యమైనది. న్యూజెర్సీలో జెర్రీ ఓమహోనీ, న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ రోషెల్‌లో ప్యాట్రిక్ టియర్నీ వంటివారు డైనర్‌ను ఫ్యాక్టరీలోనే పూర్తిగా కట్టి, స్టూళ్లూ పెనమూ సహా సిద్ధం చేసి పంపేవారు. దూరపు ఊళ్లకు అది వెళ్లింది చదును వ్యాగను మీద, రైలు పట్టాల మీదుగానే. నేలమీద కూర్చునే ముందు పట్టాలెక్కిన ఇల్లు అది. గుడి క్క మీద ఉంటేనే వాక్యానికి ప్రాణం.

డైనర్ ఆకారానికి కారణం కూడా ఈ ప్రయాణమే. దారిలో వంతెనల కిందా మలుపుల్లోనూ పట్టాలి కాబట్టి వెడల్పు పెంచడానికి లేదు, పొడవే పెరగాలి. అందుకే పొడవునా ఒక కౌంటరు, దాని ముందు నేలకు బిగించిన స్టూళ్ల వరస, వెనక గోడ వెంబడి పెనమూ కాఫీ పాత్రలూ. పెనం మీద గుడ్డు తిప్పిన మనిషి వెనక్కి తిరిగితే చాలు, పళ్లెం మీ ముందుంటుంది. నేలా గోడా కలిసేచోట మూల లేకుండా పలకలను వంపుగా తిప్పేవారు, కడిగిన నీళ్లు నిలవకూడదని. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డైనర్‌ను రెండు మూడు ముక్కలుగా పంపి స్థలంలో కలపడం వచ్చాకే అది వెడల్పయింది. ఇంత అందమైన లెక్కను ఏ పెద్ద భవనంలోనూ నేను చూడలేదు.

వలపలగిలక:
మీరిద్దరూ “పట్టా” అంటే ఇనుప కమ్మీ అనే ఎందుకు అనుకుంటున్నారు? మన వైపు పట్టా అంటే ముందుగా గుర్తుకొచ్చేది భూమి కాగితమే. డైనర్‌ను స్థలంతో పాటు కొనేవారు కాదు. అద్దె స్థలంలో నిలిపి, వ్యాపారం సాగకపోతే ఎత్తి మరోచోటికి తీసుకుపోయినవి ఎన్నో ఉన్నాయి. పాతవాటికి అడుగున ఇనుప చక్రాలు కూడా ఉండేవి. నేలకు చెందని ఇల్లు కాబట్టే “పట్టాలెక్కని పూటకూళ్ళిల్లు.”

పూటకూళ్ళిల్లన్న మాటను కూడా ఎవరూ పట్టించుకోలేదు. క్రీడాభిరామం అనే పాత కావ్యంలో లక్ష్మణవజ్ఝల పూటకూళ్ళింట రూకకు దొరికే భోజనం గుర్తుందిగా! కప్పురభోగి అన్నంతో మొదలై క్రొంబెరుగుతో ముగిసే ఆ పద్యంలో వంటవాడు కనిపించడు, వంట మాత్రమే కనిపిస్తుంది. డైనర్‌లో వంటవాడే ముందు కనిపిస్తాడు. ఆ తేడా తెలిసే రచయిత ఈ మాట వాడారని నేను నమ్ముతాను. ఆ పద్యం శ్రీనాథుడిదే, కావ్యం మీద పేరున్న వల్లభరాయుడి చేతిలో ఆ జిహ్వ లేదు.

శకటరేఫ:
భూమి కాగితమైతే “పట్టాలకెక్కని” అనాలి. చెట్టెక్కుతాము, బండెక్కుతాము, పత్రికలకు, రికార్డులకు మాత్రం “కు” లేకుండా ఎక్కలేము. కాబట్టి ఆ అన్వయం కుదరదు. కర్తృత్వం మాటకొస్తే, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు శ్రీనాథుడిదేనని వాదించినా, గ్రంథంలో కవిగా ఉన్న పేరు వల్లభరాయుడిది. పేరును తీసేయడానికి రుచి ఒక్కటే సాక్ష్యం కాదు.

వలపలగిలక:
వల్లభరాయుడి పేరుతో మరో కావ్యం ఏదైనా మనకు దక్కిందా? ఆ పద్యం ధారను చూసి చెప్పండి.

ద్రుతం:
శ్రీనాథుడి దగ్గర ఆగిపోతే ఈ చర్చ ఒడ్డుకు చేరదు. “పట్టాలెక్కు” అంటే పని మొదలుకావడమన్న జాతీయం కూడా ఉంది. దాని ప్రకారం “ఎక్కిన” అంటే సాగుతున్న వ్యాపారం. పైగా రచయిత చూసినది 1930ల తర్వాతి డైనరైతే రైలు పోలిక ఇంకా దగ్గరవుతుంది. 1934లో జెఫైర్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు రైలు పరుగెత్తాక, వేగం కనిపించేలా కట్టడం దేశమంతా పాకింది. మసాచుసెట్స్‌లోని మెరిమాక్‌లో, అంతకుముందు ఖరీదైన కార్లకు బాడీలు కట్టిన జడ్కిన్స్ కంపెనీ, కొస దూసుకుపోతున్నట్టుండే స్టెర్లింగ్ స్ట్రీమ్‌లైనర్‌ను తీసుకొచ్చింది. వాటిలో ఒకటైన, రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో ఉన్న మోడర్న్ డైనర్ 1978లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ఆ గౌరవం పొందిన తొలి డైనర్ అదే.

అరసున్న:
ఆ వర్ణనలో మరో ముక్క ఇప్పుడు గుర్తొచ్చింది. లేతపసుపు రేకు మీద ఎర్రటి వంకీల అక్షరాలు, “గోరు తగిలితే అంచు తెలియని రాత” అన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలు మాట ఎక్కడా లేదు.

శకటరేఫ:
అయితే అది వూస్టర్ డైనరే. గాజుపొడి పూసిన ఉక్కు రేకును కొలిమిలో కాల్చి ఎనామిల్ చేసేటప్పుడు, పేరును కూడా ఆ పూతలోనే కాల్చేవారు. రంగు వేసిన అక్షరమైతే గోరుకు అంచు తగులుతుంది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న చోటికి ఎదురుగానే 1948 నాటి మిస్ వూస్టర్ డైనర్ ఉంది. రోడ్డు దాటి వచ్చిన డైనర్‌కు పట్టాలతో పనేమిటి? గుడి న మీదే.

ద్రుతం:
రచయిత చూసింది వీధి అవతలి డైనరేనని మీకెవరు చెప్పారు? వూస్టర్ వారివి న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) అంతటా ఉన్నాయి. ఎనామిల్ రేకు ఒక్క వూస్టర్ సొత్తు కాదు; న్యూజెర్సీవారూ దాన్ని వాడారు. అరసున్న గారూ, ఆ కప్పు గుండ్రంగా ఉందన్నారా, నడిమి భాగం లేచి ఉందన్నారా? తలుపు మీద తయారీదారు పేరు బిళ్ల గురించి ఏమైనా రాశారా?

అరసున్న:
కప్పు గురించి ఏమీ రాసినట్టు లేదు. పేరు బిళ్ల సంగతి మిత్రుణ్ణి అడుగుతాను. ఆయన మాత్రం క్క మీది గుడిని వదిలేలా లేరు.