ఈ వారం సమస్య: సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె

సభ్యులందరికీ నమస్కారం. దసరా సెలవులకు ముందు చివరి పనిదినం. మా హనుమకొండ చుట్టుపక్కల ఏ హైస్కూల్లో చూసినా మధ్యాహ్నం దాకా బహుమతుల పంపిణీ, ఆ తర్వాత బతుకమ్మ ఆట. మొదటి గంట కొట్టకముందే అమ్మాయిలు గునుగు కట్టలు, తంగేడు, బంతి సంచుల్లో తెచ్చి వరండాలో కుప్ప పోస్తారు. గునుగు తెల్లది కదా, కొసలకు రంగు అద్దాలి. సర్టిఫికెట్ అందుకోవడానికి వేదిక ఎక్కిన పిల్లల్లో సగం మంది అరచేతులకు గులాబి రంగు అట్లనే ఉంటుంది. హెడ్మాస్టరు చేయి కలిపితే ఆయనకూ అంటుతుంది. అందుకే ఈ వారం అంశం "సెలవుల ముందు బడి పండుగ, పిల్లల ఘనత".

సమస్య ఆటవెలది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు రాసి పూరించాలి:

సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె

సున్న తెస్తే ఇంట్లో వీపు మోగుతుంది గానీ బడికి శోభ ఎట్లా వస్తుంది? అది మీరే చెప్పాలి. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. ప్రాస నియమం లేదు. యతి బదులు ప్రాసయతి (రెండో అక్షరాలు కలపడం) వాడుకోవచ్చు.

నర్సంపేట నుంచి లెక్కల సారు

మొన్న పదియె వచ్చె, మురిపె మెక్కడిదన్న
నేడు పట్టుబట్టి నేర్చి లెక్క
పదికిఁ గుడిని నిలిచి వందఁ జేసెడి గొప్ప
సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె.

*జనగామ పండితులు:* సారూ, సున్న విలువ చెప్పడం మీకే చెల్లింది. కానీ కర్త ఏడీ? ఎవరు నేర్చారు, ఎవరు తెచ్చారు? చదువరి నాలుగు పాదాలూ వెతుక్కోవాలి.

*హనుమకొండ బయాలజీ టీచరు:* నాదొక సందేహం. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష ఇరవై మార్కులకే కదా, వంద ఎక్కడి నుంచి వచ్చింది సార్?

*లెక్కల సారు:* ప్రతి పాఠం అయ్యాక నా క్లాసులో నేనే వందకు పేపరు పెడతానమ్మా. పిల్లలు తిట్టుకుంటారు, అది వేరే సంగతి. పండితుల వారి మాట ఒప్పుకుంటున్నా. మొదటి పాదం ఇట్లా మారుస్తున్నా: "పల్లెపిల్ల మొన్న పదియె తెచ్చిన దయ్యొ".

బాగుంది. 'మురిపె మెక్కడిదన్న' పోయినందుకు నాకు కొంచెం బాధగానే ఉంది, అందులో మాట్లాడే గొంతు ఉండె. అయినా కర్త రావడమే ముఖ్యం.

కాజీపేట నుంచి రైల్వే రిటైర్డ్, ఒకప్పటి కబడ్డీ ఆటగాడు

కూత పెట్టి దూకి కోటలో నడుగిడి
పట్టి పట్టి లాగి బలము చూపి
ఎదుటి జట్టు చేతి కిచ్చి పంపఁగ గుండు
సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె.

గుండుసున్నను రెండు పాదాలకు విరిచి పంచడం భలే కుదిరింది. మూడో పాదం ఆఖరున 'గుండు' దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకొని 'సున్న' అనాలి. పైకి చదివి చూడండి.

*జనగామ పండితులు:* 'చూపి' తర్వాత 'ఎదుటి' అని అచ్చును విడిగా నిలపరాదు. క్త్వార్థపు ఇకారానికి ('చూపి' లాంటి మాట చివరి 'ఇ'కి) సంధి లేదు కాబట్టి యడాగమం, అంటే మధ్యలో 'య' రావాలి, 'యెదుటి' అనండి. యతికి భంగం లేదు.

*ములుగు యువకుడు:* తాతా, తప్పనుకోకండి. కబడ్డీలో ఎదుటి జట్టుకు సున్న పాయింట్లు రావడం ఎక్కడన్న చూసిన్రా? ఏడుగురు రైడ్‌కు పోతే ఒక్కడన్న ముట్టి వస్తడు. అవతల ఎంత బలహీనమైన జట్టయినా నాలుగైదు పాయింట్లు రాకుండ ఉండవు.

*కాజీపేట తాత:* నిజమే బిడ్డా, నా రోజుల్లో కూడా చూడలే. ఆటనే మారుస్తా. వాలీబాల్‌లో 2-0 మామూలే కదా:

వలకుఁ బైన నెగిరి బంతిఁ గొట్టిన కొట్టు
కెదురు లేక రెండు గెలిచి సెట్లు
పరుల జట్టు చేతఁ బట్టించుటకు గుండు
సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె.

విమర్శ వచ్చిన పూటే పద్యం మొత్తం తిరగరాసి పంపారు. 'కొట్టుకు ఎదురు లేక' అని పాదం దాటించిన తీరు మొదటి పద్యంలో లేని వేగం తెచ్చింది. 'సెట్లు' ఇంగ్లీషు మాట కదా అని ఒకరు ముక్కు విరిచారు. మైదానంలో దాన్ని ఇంకేమంటారో వారే చెప్పాలి.

హనుమకొండ నుంచి బయాలజీ టీచరు

గునుగుపూలఁ దెచ్చి కూర్చి తంగేడుతో
నాడి పాడినట్టి యాటచోట
చెత్త లెక్కలోన శేషమే లేనట్టి
సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె.

టీచరమ్మ రాసిన వివరణ కూడా ఇస్తున్నా: "మా బడిలో ఈసారి ఒక షరతు పెట్టినం. పూలు గుడ్డ సంచుల్లోనే తేవాలి, బతుకమ్మను తాంబాళంలో గుమ్మడి ఆకుల మీదనే పేర్చాలి, థర్మకోల్ ముట్టరాదు. సాయంత్రం మైదానం తిరిగి చూస్తే రాలిన పూరెక్కలు తప్ప ఏమీ లేవు. వాటిని కంపోస్టు గుంతలో వేసినం."

*లెక్కల సారు:* భాగహారంలో శేషం సున్న వస్తే ఎంత తృప్తిగా ఉంటుందో మాకే తెలుసు. చె-శే యతి కూడా హాయిగా ఉంది.

*జనగామ పండితులు:* మళ్లీ కర్తతోనే పేచీ. ఆడి పాడింది పిల్లలు, అంటే బహువచనం. అప్పుడు 'తెచ్చిరి' కావాలి. సమస్యలో 'తెచ్చె' ఉంది. ఏకవచన కర్తను తేవాలి తల్లీ.

*బయాలజీ టీచరు:* "నాడి పాడి తరగతంత కలిసి" అంటే సరిపోతుందా సార్? తరగతి ఒక్కటే కదా.

*జనగామ పండితులు:* దివ్యంగా సరిపోతుంది. 'తరగతి + అంత'లో అకారానికి 'ఆడి'లోని ఆకారంతో యతి కుదిరింది. నేను చెప్పబోయిన సవరణ కంటే ఇదే మేలు.

ఈ బహువచనం గొడవలోనే ఇంకో మూడు పూరణలు ఆగిపోయాయి. 'పిల్లలు', 'బాలికలు', 'జట్టువారు' అని మొదలుపెట్టి చివర 'తెచ్చె' దగ్గర చిక్కుకున్నారు. వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు. ఒకరేమో పూర్వ విద్యార్థులు బడి గోడలకు సున్నం వేయించారని రాశారు. భావం మంచిదే. కానీ సున్నము వేరు, సున్న వేరు. గోడకు పూసేదానికి చివరి 'ము' తీసేసి సున్న చేస్తే పద్యం నిలవదు.

జనగామ నుంచి తెలుగు పండితులు

ఇంతసేపు అందరి తప్పులూ పట్టిన పెద్దాయన తనదీ పంపారు:

గోడపత్రికందుఁ గుదురైన దస్తూరిఁ
బోతనార్యు రచనఁ బొందుపరచి
మనకుఁ గానరాక మరుగుపడిన యర
సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె.

సమస్యను 'అర' తగిలించి విరుస్తారని నేను ఎదురుచూస్తూనే ఉన్నా. పాదంలోనే రెండు అరసున్నలు పెట్టి ఇచ్చింది అందుకే. సగం మంది తమ పూరణల్లో వాటిని వదిలేసి పంపితే నేను చేర్చి వేశాను. ఫోన్‌లో అరసున్న ఎక్కడుందో దొరకలేదని ఒకరి ఫిర్యాదు.

*ములుగు యువకుడు:* ఇక్కడ కూడా కర్త లేడు కదా పండితులు గారూ!

*జనగామ పండితులు:* దొరికిపోయాను. మొదటి పాదంలో 'కుదురైన' తీసి 'గొల్లపిల్ల' అందామనుకున్నా, భాగవతం రాసేది గొల్లపిల్ల అయితే బాగుంటుందని. గణమూ కుదరలేదు, వాక్యమూ కుదరలేదు.

*బయాలజీ టీచరు:* గోడపత్రిక అంటే సెప్టెంబరు 9న పెట్టిందేనా? కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం నాడు అరసున్నలా? ఆయన జీవితమంతా పలుకుబడుల భాష కావాలన్నడు. బడి పలుకుల భాష వద్దన్నడు.

*జనగామ పండితులు:* కాళోజీ మీద గౌరవం నాకూ తక్కువ లేదమ్మా. కానీ పోతన పద్యాన్ని పోతన రాసినట్టు రాయడానికి, పిల్లలు తమ మాట తాము మాట్లాడటానికి తగాదా ఏముంది? పోతన కూడా మన బమ్మెర వాడే. పాలకుర్తి పక్కన.

ఈ చర్చ ఇంకా సాగింది. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు, నేనూ తీర్పు చెప్పను. గోడపత్రికలో ఒక పక్క పోతన పద్యం, పక్కనే మా అవ్వ మాటలు అంటూ ఎనిమిదో తరగతి పిల్ల రాసిన సామెతలు ఉంటే మాత్రం నేను రెండూ ఆగి చదువుతా.

ములుగు నుంచి యువకుడు, చెల్లెలి గురించి

వాన పడిన నేమి వాగు దాటుచు వచ్చి
జలుబు దగ్గులైన సడలకుండ
నాగ లెక్కలోన గొప్పగా నొక పెద్ద
సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె.

హాజరు బహుమతి మీద రాసింది ఈయనొక్కడే. మార్కుల బహుమతికి కొట్టినన్ని చప్పట్లు హాజరు బహుమతికి పడవు. అది తెచ్చుకున్న పిల్ల ఎంత దూరం నడిచిందో ఎవరూ అడగరు.

*లెక్కల సారు:* మూడో పాదం యతి చూడు నాయనా. 'నా'కు 'గొ' పడదు.

*బయాలజీ టీచరు:* యతి సంగతి తర్వాత. వాన పడ్డప్పుడు వాగు దాటి బడికి రమ్మనే పద్యం నాకు నచ్చలే. 2023 జూలైలో జంపన్నవాగు ఎట్లా పొంగిందో మీ ములుగోళ్లకు చెప్పాలా తమ్ముడూ? ఆ రోజు నాగా పెట్టడమే తెలివి.

*ములుగు యువకుడు:* మీరు చెప్పింది నిజం మేడం. చెల్లె వచ్చేది వంతెన మీది నుంచే, పద్యంలో జోరు కోసం వాగు పెట్టిన. రెండూ సవరించిన: మొదటి పాదం "వాన పడిన నేమి వంతెనెక్కుచు వచ్చి", మూడోది "నాగ లెక్కలోన నాలుగేండ్లుగఁ బెద్ద".

'నాలుగేండ్లుగ' యతి తప్పు వల్ల వచ్చిన లాభం. అంతకుముందు అక్కడ 'గొప్పగా నొక' అనే ఊకదంపుడు ఉండేది. 'నాగా'ను 'నాగ' అని కుదించడం మీద ఒకరు అభ్యంతరం చెప్పారు. నాకు అంత పట్టింపు లేదు.

పదో తరగతి అమ్మాయి, వాళ్ల టీచరు ఫోన్ నుంచి

అంకెలన్ని కూడి యాడిన నాటక
మందుఁ గడను నిలిచి యడుగు వేసి
వెనుక బెంచివాఁడు వేదిక మీఁదికి
సున్నఁ దెచ్చి బడికి శోభఁ దెచ్చె.

కింద ఆ అమ్మాయి రాసిన మాటలు: "మా తరగతిలో లెక్కల నాటిక వేసినం. ఒకటి నుంచి తొమ్మిది దాకా వేషాలకు కొట్లాట. సున్న వేషం ఎవరికీ వద్దు. వెనుక బెంచీలో కూర్చునే అబ్బాయి తీసుకున్నడు. పెద్ద అట్టముక్క గుండ్రంగ కోసి నడుముకు కట్టుకున్నడు. వాడు ఎవరి పక్కన నిలబడితే వాళ్లు పదింతలు అయితరు. అందరికంటే వాడికే చప్పట్లు వచ్చినయ్."

*జనగామ పండితులు:* కర్త ఉన్నాడు! వెనుక బెంచీ నుంచి లేచి మరీ వచ్చాడు. అమ్మా, రెండో పాదం మొదట్లో 'మందు' కనబడి ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. 'నాటకమందు' అని కలిపి చదివాక కుదుటపడ్డాను. పాదాన్ని ఇట్లా విరిచేటప్పుడు రెండో ముక్క ఒంటరిగా ఎట్లా వినబడుతుందో చూసుకో. ఇంతకు మించి అనడానికి ఏమీ లేదు.

*లెక్కల సారు:* సున్నతో కూడిక, తీసివేత ఎట్లా చేయాలో నియమాలు రాసిపెట్టింది బ్రహ్మగుప్తుడు, 628లో. వచ్చేసారి ఆయన వేషం కూడా పెట్టండి బిడ్డా. ఆ అబ్బాయికే ఇవ్వండి.

*కాజీపేట తాత:* నా ఓటు ఈ పద్యానికే.

నాదీ అదే. 'వెనుక బెంచివాఁడు' అన్న మాటతో మనిషి కళ్ల ముందుకు వచ్చేశాడు. మిగతా పూరణల్లో సున్నకు కొత్త అర్థం వెతికారు, ఈ పిల్ల సున్నను అందరికీ తెలిసిన సున్నగానే ఉంచి దానికి కాళ్లు ఇచ్చింది. కడ, వెనుక అన్న రెండు మాటలూ ఆ అబ్బాయి చోటును చెప్పి, మూడో పాదంలో వేదిక ఎక్కించాయి. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

ఒక చిన్న నిష్ఠూరం. ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైన ఎనిమిదో తరగతి పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ఇన్‌స్పైర్ మానక్‌కు (పిల్లల సైన్సు ఆవిష్కరణల పథకం) ఆలోచన పంపి ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000. ఒకదాంట్లో మూడు సున్నలు, ఇంకోదాంట్లో నాలుగు. ఇంతమంది టీచర్లున్న గుంపులో అవి ఒక్కరి కంటా పడలేదు! ఇప్పటికైనా ఎవరైనా రాస్తే కిందనే చేరుస్తాను.

వచ్చే వారం సమస్య కందంలో, నాలుగో పాదం:

సెలవుల బడి గంట మోఁగె శిష్యులు మురియన్

ప్రాస 'ల'. మొదటి అక్షరం లఘువు కాబట్టి నాలుగు పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి. సద్దుల బతుకమ్మ నాడు ఎవరూ పంపకండి, నేను ఫోన్ చూడను. దసరా మరునాటి సాయంత్రం దాకా గడువు.