తోలు పగ్గాలు సొంతంగా అల్లాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

డెంటన్‌నాన్న:

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో డెంటన్ దగ్గర ఉంటాం. ఇక్కడ ఏ రోడ్డు పట్టుకుని పోయినా గుర్రాల ఫారాలే. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, బ్యారెల్ రేసింగ్ నేర్చుకుంటోంది. మూడు డ్రమ్ముల చుట్టూ గుర్రాన్ని తిప్పుకుని వెనక్కి దౌడు తీయించే పోటీ అది. ఇప్పుడు వాడుతున్న నైలాన్ పగ్గాలు గుర్రం చెమట తగలగానే జారుతున్నాయి. తన చేతులు చిన్నవి, మలుపులో పట్టు తప్పుతోందని ప్రతి శనివారం చెబుతోంది.

ఫారంలో ఒక పెద్దాయన దగ్గర చేత్తో అల్లిన తోలు పగ్గాలు చూశాను. గుండ్రంగా, చేప ముల్లు డిజైన్‌తో, పట్టుకుంటే వేళ్లకు గరుగ్గా తగులుతూ చాలా బాగున్నాయి. కొనొచ్చు, కానీ నాకు నా చేత్తో చేసివ్వాలని ఉంది. మా నాన్న దగ్గర నులక మంచాలు అల్లడం నేర్చుకున్నాను కాబట్టి అల్లిక కొత్త కాదు, తోలు మాత్రం పూర్తిగా కొత్త. ఏ తోలు తీసుకోవాలి? ఎన్ని పాయలు? ఎంత పొడవు కోసుకోవాలి? అన్నిటికన్నా ముఖ్యం, నేను అల్లింది మధ్యలో తెగితే పిల్ల గతేంటి? ఈ చివరి ప్రశ్నే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

రీనోఅక్క:

తమ్ముడూ, మీ ప్రశ్న చూసి ప్రాణం లేచొచ్చింది. తెలుగులో ఈ మాట ఎవరో ఒకరు అడుగుతారని ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. నేను నెవాడాలో రీనో శివార్లలో ఉంటాను, నర్సుగా చేస్తాను. నాకో ముసలి గుర్రం ఉంది. దాని తలకట్టు, పగ్గాలు, మెడతాడు అన్నీ నేను అల్లినవే. పశువుల రాంచ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన వంటింటి బల్ల మీద కూర్చోబెట్టి నేర్పాడు.

ముందుగా ఒక్క మాట. అల్లడం కన్నా పాయ కోయడమే అసలు పని. నులక అల్లినవాళ్లకు చేతికి లయ ఉంటుంది, అందులో మీకు ఇబ్బంది రాదు. కానీ నులక ఎక్కడ చూసినా ఒకే లావు. తోలు అలా కాదు. వెన్ను దగ్గర గట్టిగా, పొట్ట దగ్గర వదులుగా ఉంటుంది. పొట్ట భాగం పాయ ఒక్కటి కలిసినా ఆర్నెల్లకు అది సాగి, పగ్గం ఒక పక్కకు మెలితిరుగుతుంది. అందుకని వెన్ను భాగం తోలే కొనండి.

పాయలు నిలువుగా కోయాలంటే అంత పొడుగు తోలు దొరకదు. గుండ్రటి ముక్క తీసుకుని అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకుపోవాలి. 32 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చక్రంలో నడుమ 8 సెంటీమీటర్లు వదిలేసి, 5 మిల్లీమీటర్ల వెడల్పున కోస్తే దాదాపు 15 మీటర్ల తోలు వారు వస్తుంది. నడిబొడ్డు దాకా కోయకండి, అక్కడ వంపు ఎక్కువై వారు మెలికలు పడుతుంది. కోశాక తడి చేసి, ఒక కొస తలుపు గొళ్లేనికి కట్టి, నిదానంగా లాగాలి. సాగేదంతా అప్పుడే సాగిపోవాలి. సాగిన చోట సన్నబడుతుంది కదా, కాబట్టి మొత్తం వారును ఇంకోసారి ఒకే వెడల్పుకు కత్తిరించాలి. తర్వాత లోపలి వైపు పల్చన చేసి, రెండు అంచులూ ఏటవాలుగా చెక్కాలి. అంచు చెక్కకపోతే పాయ పక్కన పాయ సరిగ్గా కూర్చోదు, అల్లిక మెట్లు మెట్లుగా తేలుతుంది.

ఇక లెక్క. ఏడడుగుల పగ్గం అంటే 2.13 మీటర్లు. పాయ 45 డిగ్రీల వాలులో తిరుగుతుంది కాబట్టి పొడవు 1.4 రెట్లు కావాలి, ముడులకు కలిపి ఒకటిన్నర రెట్లు వేసుకోండి. అంటే ఒక్కో పాయ 3.2 మీటర్లు. ఎనిమిది పాయలకు పైన చెప్పిన చక్రాలు రెండు సరిపోతాయి. లావు కూడా ముందే తెలుసుకోవచ్చు. ఎనిమిదిలో నాలుగు పాయలు కుడికి, నాలుగు ఎడమకు తిరుగుతాయి. 5 మిల్లీమీటర్ల పాయ ఏటవాలుగా పడుకుంటే చుట్టుకొలతలో 7 మిల్లీమీటర్లు ఆక్రమిస్తుంది. అలాంటివి నాలుగు కలిస్తే 28. అంటే అడ్డంగా సుమారు 9 మిల్లీమీటర్లు. పిల్ల చేతికి హాయిగా ఉంటుంది. లోపల ఆరేడు మిల్లీమీటర్ల తాడు ఉండాలి, లేకపోతే అల్లిక చదునైపోతుంది.

ఆ లోపలి తాడు కొనకండి. మీరే అల్లండి. 7 మిల్లీమీటర్ల పాయలు నాలుగు తీసుకుని గుండ్రటి అల్లిక వేస్తే సరిగ్గా ఆ లావే వస్తుంది. చెయ్యి కుదరడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు, ఎందుకంటే ఎలా వచ్చినా అది లోపలే ఉండిపోతుంది, పైకి కనబడదు. రెండు పాయలు ఎడమ చేతిలో, రెండు కుడి చేతిలో పట్టుకోండి. ఎడమ పక్క బయటి పాయను వెనకనుంచి కుడి వైపు తిప్పి, అక్కడి రెండు పాయల మధ్య నుంచి ముందుకు తెచ్చి, లోపలి పాయ మీదుగా మళ్లీ ఎడమకే చేర్చాలి. తర్వాత కుడి బయటి పాయతో అదే పని. అంతే. ఎనిమిది పాయలకూ సూత్రం ఇదే. బయటి పాయ వెనకనుంచి వెళ్లి, అవతలి నాలుగింటిలో రెండింటి కింద నుంచి, రెండింటి మీదుగా తిరిగి తన వైపే రావాలి. మీరు చూసిన చేప ముల్లు అదే. ఒకటి కింద ఒకటి మీద వేసుకుంటూ పోతే గళ్ల డిజైన్ వస్తుంది, కానీ ఒక్క పాయ తప్పినా కనబడిపోతుంది. మొదటిసారికి వద్దు.

పొడి తోలు బిగుసుకోదు. సబ్బు తురిమి, వేడినీళ్లలో కరిగించి, పంది కొవ్వు కలిపి చల్లారిస్తే వెన్నలాంటి ముద్ద వస్తుంది. ఆస్ట్రేలియాలో కొరడాలు అల్లేవాళ్ల పద్ధతి ఇది. పాయలకు పట్టించి అల్లితే లాగిన ప్రతిసారీ పాయ జారి పక్కదాన్ని ఆనుకుని కూర్చుంటుంది, ఆ కూర్చోవడం వేళ్లకు తెలుస్తుంది. రెండు చేతులతో ఒకే కోణంలో, ఒకే బలంతో లాగండి. అలసిపోతే ఆపేయండి. అలసిన చెయ్యి వదులుగా లాగుతుంది, ఆ చోటు తర్వాత ఎంత నూనె రాసినా దాగదు. జానెడు అల్లాక రెండు చెక్కల మధ్య పెట్టి దొర్లించండి, గుండ్రంగా దిగుతుంది.

ఏ తోలు అన్నారు. కంగారూ తోలు పల్చగా ఉన్నా గట్టిది. దాని నారలు తోలు ఉపరితలానికి సమాంతరంగా పడుకుని ఉంటాయి, అందుకే ఎంత పల్చన చేసినా బలం అంతగా తగ్గదు. కానీ ధర ఎక్కువ. (మా పక్కనే ఉన్న కాలిఫోర్నియాలో దాని అమ్మకం నిషేధం, టెక్సస్‌లో ఆ గొడవ లేదు.) మీరు మాత్రం ఆవుతోలుతో మొదలుపెట్టండి.

పచ్చితోలు, అంటే పదును చేయని తోలు, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది వేరే లోకం. సరిగ్గా తడి ఆరీ ఆరకముందే అల్లాలి. తడి ఎక్కువుంటే ఎండాక వదులవుతుంది, తక్కువుంటే వంగదు. కాలిఫోర్నియాలో లూయిస్ ఒర్టెగా అని ఒకాయన ఉండేవారు, 1897లో పుట్టారు. పచ్చితోలు అల్లికకే 1986లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ అందుకున్నారు, జానపద కళాకారులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే గౌరవం అది. ఆ దారిలో నడిచేవాళ్ల పగ్గాలకు కళ్లెం దగ్గర చిన్న గొలుసు ఉంటుంది, గుర్రం నీళ్లు తాగేటప్పుడు పచ్చితోలు తడవకుండా. ఎప్పుడైనా మా నెవాడాలోనే ఉన్న ఎల్కో ఊరికి రండి. 1985 నుంచి చలికాలంలో అక్కడ కౌబాయ్ కవితా సభలు జరుగుతున్నాయి, ఆ రోజుల్లో ఊరంతా గుర్రాలవాళ్లే. అలాంటి అల్లికలు దగ్గరగా చూస్తే కంటికి పండగే.

తంగేడుపూలు:

అక్క చెప్పినదానికి తోలు గురించి నాలుగు మాటలు కలుపుతాను. మాది సిద్దిపేట వైపు. మా తాత మోట బొక్కెనలు కుట్టేవాడు, ఎద్దులకు తోలు సామాను చేసేవాడు. నేను చెన్నైలో తోలు ఎగుమతుల కంపెనీలో పనిచేస్తున్నా. చుట్టూ తిరుగుతూ కోయడం చదువుతుంటే తాతే గుర్తొచ్చాడు. ఆయనా చెర్నాకోల వారు అట్లనే తీసేవాడు, బొటనవేలు గోరే కొలబద్ద. ఆ పనికి ఊళ్లో దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఇయ్యాల డెంటన్‌లో ఒక నాన్న బిడ్డ కోసం అదే పని ఇష్టంగా నేర్చుకుంటానంటే నాకు మస్తు సంతోషంగా ఉంది.

అన్నా, కొనేటప్పుడు క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసింది, వద్దు. అది మెత్తగా ఉంటుంది, సాగుతుంది, అంచు చెక్కితే నున్నగా రాదు. చెట్టు చెక్కలతో పదును చేసిన తోలు అడగండి. గుర్తుపట్టడం సులువు. కోసిన అంచు చూడండి. లోపల నీలం బూడిద రంగు కనబడితే క్రోమ్, గోధుమ రంగు ఉంటే చెట్టు చెక్కది. రంగు వేసిన తోలైతే చిన్న ముక్క కాల్చి చూడండి, క్రోమ్ తోలు బూడిద ఆకుపచ్చగా మారుతుంది. మన దగ్గర తంగేడు చెక్క, కరక్కాయలతో ఈ పని చేసేవాళ్లు. ఇప్పుడు తంగేడు బదులు ఎక్కువగా వాటిల్ చెక్క వాడుతున్నారు. దక్షిణాది నుంచి ఈస్ట్ ఇండియా తోలు అనే పేరుతో విదేశాలకు పోయింది ఆ రకమే. ఇండియాకు వచ్చినప్పుడు గుర్రపు సామాను చూడాలంటే మాత్రం కాన్పూర్ పోండి, జీన్ల పనికి పెట్టింది పేరు.

ఇంకొకటి. నూనె తక్కువ రాయండి. నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల నుంచి తీసే నూనె) మంచిదే, కానీ తడిసి ముద్దయ్యేలా పోస్తే తోలు నారలు వదులై పాయలు సాగుతాయి. గుడ్డతో పల్చగా, అంతే.

డెంటన్‌నాన్న:

ఇద్దరికీ చేతులెత్తి దండం. లోపలి తాడుతో చెయ్యి కుదుర్చుకోమన్న సలహాతోనే సగం టెన్షన్ పోయింది. అక్కా, తెగడం గురించి మాత్రం ఇంకొంచెం చెప్పండి. పోటీలో పగ్గం కింద పడి గుర్రం కాలు వేస్తే?

రీనోఅక్క:

అయ్యో, అసలు సంగతే వదిలేశానన్నమాట, చెబుతాను. అలాంటప్పుడు ఎక్కడో ఒకచోట తెగాలి తమ్ముడూ. ఏమీ తెగకపోతే ఆ బలమంతా గుర్రం నోటి మీద పడుతుంది, నాలుక కోసుకుపోతుంది. అందుకే పగ్గాన్ని నేరుగా కళ్లేనికి తగిలించకండి. మధ్యలో సన్నటి తోలు పట్టీ ఒకటి కట్టండి, చూపుడు వేలంత పొడవు చాలు. మామూలు లాగుడుకు ఆగుతుంది, గుర్రం బరువు పడితే ముందు అదే తెగుతుంది. రెండు వైపులా ఒకే తోలు నుంచి, ఒకే వెడల్పున కోయండి. ప్రతి స్వారీకి ముందు వంచి చూడండి, పగులు కనిపిస్తే మార్చేయండి. పోటీకి వెళ్లేటప్పుడు జేబులో రెండు అదనంగా ఉండాలి.

అల్లిక పూర్తయ్యాక పగ్గం ఒక కొస చెట్టుకు కట్టి, మీ ఒంటి బరువంతా వేసి వెనక్కి వాలండి. కొసల్లో వేసిన ముడులు జారుతున్నాయేమో చూడండి. అల్లిక నడుమ తెగడం అరుదు. ఊడేది ఎప్పుడూ కొసలోనే. అందుకని కొసలు మడిచి, మైనం పట్టించిన దారంతో బిగించి కట్టి, దాని మీద తలపాగాలా చుట్టుకుని కనిపించే టర్క్స్ హెడ్ ముడి వేయండి. పైన ముడి అందానికి, బలం మాత్రం కింది దారానిదే. ముడి బాగా వచ్చింది కదా అని దారం వదిలేస్తారు కొందరు, అది నేను ఒప్పుకోను.

ఆ తర్వాత కూడా వెంటనే పోటీకి వద్దు. కొన్నాళ్లు అమ్మాయిని నడకలో, కంచె లోపల వాడమనండి. కొత్త పగ్గం బరువు గుర్రానికీ అలవాటు కావాలి. ఆ బరువు తేడా దాని నోటికి మనకన్నా ముందే తెలుస్తుంది. అమ్మాయి కోచ్‌కు చూపించి, ఆవిడ సరే అన్నాకే డ్రమ్ముల దగ్గరికి.

తోలు కొన్నాక అంచు ఫొటో ఇక్కడ పెట్టండి, తంగేడుపూలు తమ్ముడు చూసి చెబుతాడు. లోపలి తాడు జానెడు అల్లాక ఇంకో ఫొటో పెట్టండి, అది నేను చూస్తాను.