రొమేనియాలో కోటలు, ఎలుగుబంట్లు: అమ్మానాన్నలతో నాలుగు రోజుల గైడెడ్ ట్రిప్, సలహా కావాలి

హన్మకొండ_అబ్బాయి

అందరికీ నమస్కారం. నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటాను. సెప్టెంబరు చివర్లో అమ్మానాన్న వస్తున్నారు. నాన్న జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఏటూరునాగారం అడవికి పిల్లల్ని ఎన్నిసార్లు క్యాంపుకి తీసుకెళ్లినా ఎలుగు అడుగుజాడలే కనిపించాయట, ఎలుగు మాత్రం కనిపించలేదు. ఆ కోరిక ఇప్పటికీ అలాగే ఉంది. అమ్మ వరంగల్ కోట పక్కన పెరిగింది, పాత రాళ్లంటే ప్రాణం. కానీ మోకాళ్ల నొప్పులు. పైగా శాకాహారి.

ఒక టూర్ కంపెనీ నాలుగు రోజుల ప్లాన్ పంపింది: పెలేష్, బ్రాన్, రష్నోవ్, సిగిషోవారా, హునెడోవారా, ఒక సాయంత్రం ఎలుగుబంట్లు. పెద్దవాళ్లతో ఇది అయ్యే పనేనా? వాళ్ల జర్మనీ వీసా అక్కడ చెల్లుతుందా?

గోదారి_వియన్నా

వీసా గురించి టెన్షన్ పడకండి. 2025 జనవరి 1 నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ప్రాంతం) ఉంది, ఆ వీసాతోనే వెళ్లొచ్చు. అక్కడి రోజులు కూడా ఆ వీసా మీద ఉండగలిగే 90 రోజుల లెక్కలోకే వస్తాయి, అది గుర్తుంచుకోండి.

ప్లాన్ మాత్రం మార్చండి. పోయినేడు మా అత్తయ్య, మామయ్యలను తీసుకెళ్లినప్పుడు నేనూ ఇలాంటి ప్లానే ఒప్పుకున్నాను. మూడు రోజుల్లో ఐదు కోటలు. రెండో రోజు కారులోనే గడిచిపోయింది. ఎలుగుబంట్లను చూసే చోటికి గంట ఆలస్యంగా చేరాం. అప్పటికే వచ్చి వెళ్లిపోయాయన్నారు. మామయ్య ఏమీ అనలేదు గానీ, హోటల్‌కి వెళ్లేదాకా కిటికీలోంచి అడవి వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ ముఖం చూడలేక, మర్నాడు ఒక కోట వదిలేసి మళ్లీ వెళ్లాం.

ఎలుగుబంట్లను చూసే ఆ చోటు మన పొలాల్లో మంచె లాంటిదే అనుకోండి. చెక్క గది, ముందువైపు పొడవాటి కిటికీ. కారు దిగి కొంత దూరం నడవాలి, ముందు అటవీ ఉద్యోగి ఉంటాడు. సెంటు కొట్టుకోవద్దు, తిండి తేవద్దు, గుసగుస కూడా వద్దన్నారు. నలభై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక తల్లి, రెండు పిల్లలు. ఆ తల్లి ఇద్దరు మనుషులు కదపలేని బండరాయిని ఒక్క పంజాతో పక్కకి దొర్లించి, కిందున్న మొక్కజొన్న గింజలను నాలుకతో ఒక్కొక్కటే ఏరుకుని తింది. ఉన్నట్టుండి తలెత్తి గాలి పీల్చింది. పిల్లలు రెండూ చెట్టెక్కేశాయి. చెట్ల చాటునుంచి పెద్ద మగది వచ్చింది. అత్తయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజుల అచ్చు పడింది.

అందుకని నా మాట: జర్నెష్టి పట్టణంలో గానీ, పైనున్న మగూరా ఊళ్లో గానీ ఒకే చోట బస పెట్టుకోండి. ఎలుగుబంట్లకు రెండు సాయంత్రాలు ఉంచండి, ఒక్కటైతే అదృష్టం మీద ఆధారపడాలి. హునెడోవారా గొప్ప కోటే, కానీ జర్నెష్టికి దగ్గరి నగరం బ్రషోవ్ నుంచి నాలుగు గంటలకు పైనే, తీసేయండి. పెలేష్ అందమైన భవనం. అయితే కట్టడం మొదలైంది 1873లో, మధ్యయుగం కాదు.

బ్రాన్ తప్పకుండా చూపించండి. 1377లో హంగరీ రాజు లూయీ అనుమతిస్తే బ్రషోవ్‌లోని జర్మన్ వర్తకులు సొంత ఖర్చుతో కట్టుకున్న కోట. కనుమ దారిలో సుంకం వసూలుకూ, కాపలాకూ. అసలు కథ అదీ. డ్రాక్యులా పేరుతో అమ్ముతారు గానీ, ఆ పేరు ఎవరి నుంచి వచ్చిందో ఆ పాత రాజు వ్లాడ్ అక్కడ ఉన్నాడనడానికి ఆధారం లేదు. లోపల మెట్లు ఇరుకు, ఎత్తు ఎక్కువ. అమ్మగారికి కర్ర ఉంటే మంచిది, పొద్దున తెరవగానే వెళ్లండి.

అమ్మగారికి నిజంగా నచ్చేది ప్రెజ్మేర్ అనుకుంటాను. బ్రషోవ్ దగ్గర సమతలంలో ఉన్న కోట చర్చి, 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పన్నెండు మీటర్ల గోడ, దాని లోపలి వైపు తేనెపట్టులా వందలకొద్దీ చిన్న గదులు. శత్రువులు వస్తే ఊరంతా గింజలూ పశువులూ తీసుకుని లోపలికి వచ్చేసేవారు, ఇంటికో గది. అత్తయ్య ఒక గది గడప మీద కూర్చుని, "ఇక్కడ గాదె, అక్కడ పొయ్యి పెట్టుకుని ఉంటారు" అని చూపించారు.

దుర్భిణి_రవి

నాన్నగారికి పియాత్రా క్రాయులుయి కొండల గురించి ముందే చెప్పి ఉంచండి. జర్నెష్టి దగ్గరి లోయలో మట్టిరోడ్డు మొదట్లో దాదాపు చదునే, అమ్మగారు కూడా కొంతదూరం నడవగలరు. రెండువైపులా నిటారు సున్నపురాయి గోడలు. వాటి మీద వాల్‌క్రీపర్ కోసం వెతకండి: బూడిదరంగు పిట్ట, రెక్క విప్పితే లోపల ఎర్రటి ఎరుపు. మన హిమాలయాల్లోనూ ఉంటుంది. పైన గట్ల మీద షామోయ్ అనే కొండమేకలు కనిపిస్తాయి, గైడ్ దగ్గర టెలిస్కోప్ ఉందో లేదో అడగండి. సెప్టెంబరు చివర్లో మగ దుప్పులు జతకోసం అరుస్తాయి. చీకటి పడేవేళ మగూరాలో బయట నిలబడి వినాలి.

గొర్రెల మంద ఎదురైతే మాత్రం దగ్గరికి వెళ్లవద్దు. ఆ కాపలా కుక్కలు ఎలుగుబంటికే ఎదురు తిరిగేవి. గైడ్ చెప్పేదాకా ఆగండి.

అడవిమాట

ఒక్కటి అడగాలనుంది. మంచె ముందు మొక్కజొన్న వేసి రప్పించడం మీకు సమ్మతమేనా? 2024 జులైలో బుచేజ్ కొండల్లో పందొమ్మిదేళ్ల అమ్మాయిని ఎలుగుబంటి చంపింది. ఆ వెంటనే పార్లమెంటు 481 ఎలుగుబంట్లను చంపడానికి అనుమతించింది. కొండల మీదుగా వెళ్లే ట్రాన్స్‌ఫగరషాన్ రోడ్డు మీద టూరిస్టులు కారు కిటికీలోంచి బిస్కెట్లు ఇచ్చి వాటికి మనిషి భయం పోగొట్టారు. దయచేసి ఎక్కడా తిండి పెట్టకండి, రోడ్డు మీద అవి కనిపిస్తే కారు దిగకండి. జర్నెష్టిలో రక్షణ కేంద్రం కూడా ఉంది, బోనుల్లోంచి విడిపించిన ఎలుగుబంట్లు వందకు పైగా అక్కడ కంచె వేసిన అడవిలో తిరుగుతాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి అదీ మంచిదే.

గోదారి_వియన్నా

మీ ప్రశ్న సరైనదే. ఊళ్లకు దూరంగా, లోపలి అడవిలో ఉన్న మంచెనే ఎంచుకోండి, ఎంత తిండి వేస్తారో గైడ్‌ని సూటిగా అడగండి. సమాధానం దాటవేస్తే వదిలేయండి. మేము రెండోసారి వెళ్లిన చోట ఒక చిన్న బకెట్ అంతే.

హన్మకొండ_అబ్బాయి

అందరికీ చాలా థాంక్స్. హునెడోవారా, సిగిషోవారా, పెలేష్ తీసేశాను. బ్రాన్, ప్రెజ్మేర్, లోయ, రెండు సాయంత్రాలు. నాన్నకు ఫోన్‌లో వాల్‌క్రీపర్ అనగానే శాస్త్రీయ నామం చెప్పేశారు. అమ్మ తిండి సంగతి ఒక్కటే మిగిలింది.

గోదారి_వియన్నా

"దె పోస్ట్" అని అడగండి. అక్కడివాళ్లు ఉపవాసాల్లో తినే తిండి, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. మమలిగా అచ్చం మొక్కజొన్న సంకటి. జకుస్కా అంటే కాల్చిన వంకాయ, మిరపకాయల పచ్చడి లాంటిది. కారం ఉండదు, ఒక ఆవకాయ సీసా పట్టుకెళ్లండి.