పిండి పులుస్తుందా, పొంగుతుందా?

ప్రశ్న: డోనట్ల తయారీ తెలుగులో రాస్తున్నాను. మైదా ముద్దను ఈస్ట్‌తో కలిపి పక్కన పెట్టాక జరిగేదాన్ని ఏమనాలి? పులియడమా, పొంగడమా, ఉబ్బడమా?

జవాబు: పొంగడం అనే రాయండి. ఈ ఒక్క మాట వల్ల నా మొదటి డోనట్లు మొత్తం పాడయ్యాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నేను చూసి చేసిన పద్ధతిలో "పిండి పులిసేవరకు ఉంచండి" అని ఉంది. పులియాలంటే రాత్రంతా ఉండాలి కదా అనుకుని, వెచ్చని చోట మూతపెట్టి పడుకున్నాను. పొద్దున మూత తీయగానే గుప్పుమని పుల్లటి వాసన. ఎప్పుడో పొంగిన ముద్ద అప్పటికే దిగిపోయి, వేలు పెడితే జిగటగా సాగుతోంది. వేయిస్తే నూనె తాగేసి అట్టల్లా వచ్చాయి.

పులుపు, పుల్లన, పులియు అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. కాబట్టి పులియడం అనగానే మనకు ముందు తట్టేది రుచి. డోనట్ పిండిలో మనకు కావలసింది పులుపు కాదు, గాలి. ఈస్ట్ చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పిసికిన పిండిలోని సాగే గుణం ఆ గాలిని పట్టి ఉంచుతుంది. శాస్త్రం ప్రకారం అదీ పులియడమే, కాదనను. కానీ వంట చేసేవారికి ఎక్కడ ఆపాలో చెప్పే మాట కావాలి. పొంగు అంటే కంటికి కనిపిస్తుంది: ముద్ద రెండింతలైతే చాలు.

ఉబ్బడం తప్పు కాదు గానీ, నీళ్లకు తలుపు చెక్క ఉబ్బుతుంది, అజీర్తితో కడుపు ఉబ్బుతుంది. ఆ మాటలో ఏదో ఇబ్బంది ఉంది. పొంగులో సంతోషం ఉంది. పైగా కోపాన్ని పాలపొంగుతో పోలుస్తాం, ఎంత వేగంగా లేస్తుందో అంత వేగంగా దిగుతుందని. సమయం మించిన పిండి సంగతీ అంతే.

ఇంకో సంగతి. డోనట్ పిండి రెండుసార్లు పొంగాలి. వీటిని తొలి పొంగు, మలి పొంగు అంటే ఎంత హాయిగా ఉందో చూడండి! తొలిసంజ, మలిసంజ ఉన్నాయి కదా, అలాగే. అరకిలో మైదాకు 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 240 మి.లీ. గోరువెచ్చని పాలు, ఒక గుడ్డు, చక్కెర, వెన్న 60 గ్రాముల చొప్పున, చెంచాడు ఉప్పు. పది నిమిషాలు బాగా పిసికితే, తొలి పొంగుకు గంట, గంటన్నర పడుతుంది. అప్పుడు అర అంగుళం మందాన ఒత్తి, గుండ్రంగా కోసి, మలి పొంగుకు మరో అరగంట, ముప్పావు గంట ఉంచాలి. వేలితో మెల్లగా నొక్కితే సొట్ట నిదానంగా, కొంచెమే పైకి రావాలి. చటుక్కున లేస్తే ఇంకా ఆగాలి. అసలు లేవకపోతే ఆలస్యమైపోయినట్టే.

మరొకరు: మరి నూనెలో వేశాక కూడా ఇంకొంచెం పెరుగుతుంది కదండీ? అప్పుడు మూడు పొంగులు అవుతాయే!

జవాబు: మంచి సందేహం అండీ. అక్కడ ఈస్ట్ పని దాదాపు అయిపోయినట్టే. సుమారు 60 డిగ్రీల దగ్గర అది చచ్చిపోతుంది, నూనె 175 నుంచి 180 డిగ్రీల్లో ఉంటుంది. లోపలి గాలి వేడికి విస్తరించి, నీరు ఆవిరై పెరుగుతుంది అంతే. అందుకే దానికి లెక్క వేయను, "నూనెలో ఉబ్బుతుంది" అని సరిపెడతాను. ఉబ్బుకు సరైన చోటు అదే. మలి పొంగు కుదిరిన డోనట్ నూనెలో తేలికగా పైకి తేలుతుంది కాబట్టి, రెండు వైపులా నిమిషం చొప్పున వేగినా నడుము మాత్రం మునగదు. అక్కడ చుట్టూ తెల్లటి చార మిగులుతుంది. దాన్ని నేను నడికట్టు అంటాను.

అన్నట్టు, "మెత్తని డోనట్లు" అని రాయండి గానీ "మెత్తబడిన" అని రాయకండి. మెత్తబడినవి అంటే తేమ పట్టి నీరుగారినవని అర్థం చేసుకుంటారు.