స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర మూకీ ఫిల్మ్: అందరూ చనిపోతే కెమెరా తిప్పింది ఎవరు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొన్న ఎనిమిదో తరగతికి అంటార్కిటికా గురించి చెప్తూ, కెప్టెన్ స్కాట్ యాత్ర మీద పాత మూకీ ఫిల్మ్ ముక్క ఒకటి యూట్యూబ్‌లో దొరికితే ప్రొజెక్టర్ పెట్టి వేశాను. మనుషులు స్లెడ్జ్ బండి లాగుతూ కీ ఇచ్చిన బొమ్మల్లా పరుగులు తీస్తుంటే పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లని తప్పు పట్టలేను, చూడ్డానికి అలాగే ఉంది మరి. కానీ ఆ బండి లాగినవాళ్లు తిరిగి రాలేదని తెలిసి చూస్తున్నదాన్ని కదా, నాకు చాలా బాధేసింది. ఆ పైన వెనక బెంచీ పిల్లాడు లేచి "టీచర్, ధ్రువం దగ్గరికెళ్లినవాళ్లందరూ చచ్చిపోయారన్నారు, మరి గుడారంలో కూర్చుని తింటుంటే వీడియో ఎవరు తీశారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వీడియోలో కొన్ని చోట్ల మంచంతా నీలంగా ఉంది, కొన్ని చోట్ల పసుపుగా ఉంది, ఇది అసలుదేనా, ఎవరైనా కంప్యూటర్‌లో రంగులు వేశారా? వచ్చే శనివారం మళ్లీ చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:

మేడమ్, ముందు ఆ పిల్లాడికి శభాష్ అని చెప్పండి. పాత డాక్యుమెంటరీ ఏది చూసినా మొదట అడగాల్సింది అదే: కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి ఆ రోజు ఎక్కడున్నాడు అని.

కెమెరా తిప్పింది హెర్బర్ట్ పాంటింగ్. 1910లో టెర్రా నోవా ఓడలో స్కాట్‌తో బయల్దేరాడు. ఆయన ధ్రువానికి వెళ్లలేదు. 1911లో కేప్ ఎవాన్స్ అనే చోట, అంటే సముద్రం ఒడ్డున వాళ్లు కట్టుకున్న చెక్క ఇంటి దగ్గరే ఉండి తీయగలిగినంతా తీశాడు, 1912 మార్చిలో ఓడ ఎక్కి వెనక్కి వచ్చేశాడు. అప్పటికి స్కాట్ వాళ్లు ఇంకా మంచులో నడుస్తూనే ఉన్నారు. వాళ్లు చనిపోయిన సంగతి లోకానికి తెలిసింది 1913 ఫిబ్రవరిలో.

మరి ఆ గుడారం సీను? అది ప్రయాణం మొదలుకాకముందే, శిబిరం దగ్గర, పాంటింగ్ కోసం వాళ్లు చేసి చూపించింది. దారిలో ఎలా బండి లాగుతారో, ఎలా గుడారం వేస్తారో, ప్రైమస్ స్టవ్ మీద ఎలా వండుకుంటారో, నిద్ర సంచుల్లోకి ఎలా దూరతారో వరసగా చేసి చూపించారు. ఈసారి వేసినప్పుడు గుడారంలో తలకాయలు లెక్కపెట్టమనండి. నలుగురే ఉంటారు: స్కాట్, విల్సన్, బవర్స్, ఎడ్గార్ ఎవాన్స్. ధ్రువానికి వెళ్లింది ఐదుగురు. ఐదో మనిషి ఓట్స్ ఆ సీనులో లేడు. అది ధ్రువం దగ్గర తీసింది కాదని పిల్లలు తమ కళ్లతో తామే పట్టుకోవచ్చు. నాకు మాత్రం ఆ సీను చూసిన ప్రతిసారీ గుండె పట్టేసినట్టు ఉంటుంది. వెచ్చటి ఇల్లు నాలుగడుగుల దూరంలో పెట్టుకుని, నవ్వుకుంటూ, ఇలా పడుకుంటాం అని చూపించిన ఆ నలుగురూ కొన్ని నెలలకే ఆ మంచులోనే పోయారు.

ధ్రువం దగ్గర నిజంగా తీసినవి ఫోటోలు మాత్రమే. 1912 జనవరి 17న అక్కడికి చేరేసరికి నార్వేకు చెందిన అముండ్‌సెన్ బృందం అంతకు ముందే, 1911 డిసెంబర్ 14నే చేరిందని తెలిసింది. ఐదుగురూ కలిసి దిగిన ఫోటో ఉంది చూడండి, అది బవర్స్ కెమెరాకు కట్టిన దారం లాగి తీశాడు. ఆ ఫిల్ము 1912 నవంబర్ 12న వాళ్లను వెతుకుతూ వెళ్లినవాళ్లకు గుడారంలో శవాలతో పాటు దొరికింది. పాంటింగ్ 1924లో 'ది గ్రేట్ వైట్ సైలెన్స్' పేరుతో పూర్తి సినిమా కట్టినప్పుడు, చివరి భాగాన్ని ఆ ఫోటోలతో, మ్యాపులతో, చిన్న చిన్న నమూనా బొమ్మలతో నడిపాడు. కదిలే ఫిల్ము ఆగిపోయి మ్యాపు మీద గీత కదలడం మొదలయ్యిందంటే, అక్కడి నుంచి కెమెరా లేదని అర్థం.

ఇక పరుగుల సంగతి. అప్పటి కెమెరాకు మోటారు లేదు, చేత్తో హ్యాండిల్ తిప్పాలి. సెకనుకు రెండు తిప్పులు, తిప్పుకు 8 ఫ్రేములు, అంటే సుమారు 16. ఇప్పటి వీడియో 24 ఫ్రేముల లెక్కన ఆడిస్తుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు వేగంగా పోతుంది. యూట్యూబ్‌లో గేరు గుర్తు నొక్కి స్పీడ్ 0.75 పెట్టండి. ఫైలు మీ దగ్గరే ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో 0.67 దాకా తగ్గించుకోవచ్చు. కానీ జాగ్రత్త, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2010లో బాగు చేయించిన కాపీ నుంచి తీసిన వీడియో అయితే స్పీడు వాళ్లే సరిచేసి ఉంటారు, ఇంకా తగ్గిస్తే నత్తనడక అయిపోతుంది. ముందు ఒక్కరే కూర్చుని చూసుకోండి. మనిషి నడకను చూడాలి, పొగను చూడాలి. పెంగ్విన్లను చూసి మాత్రం తేల్చొద్దు, వాటి నడకే అంత. ఇంకోటి, సీను సీనుకూ వేగం కాస్త మారుతుంది. తిప్పింది ఆ చలిలో మనిషి చెయ్యి. ఒకసారి కెమెరా ఇనుప భాగానికి పాంటింగ్ నాలుక కొస తగిలి అతుక్కుపోయింది, లాగితే చర్మం ఊడొచ్చింది. అలాంటి చోట లెక్క తప్పకుండా తిప్పడమే గొప్ప.

రంగుల గురించి: నీలం, పసుపు 1924 నాటివే. రెండు పద్ధతులుండేవి. ఫిల్మునంతా రంగునీళ్లలో ముంచితే తెల్లటి చోట్లు, అంటే మంచే నీలంగా మారుతుంది. రెండోదానిలో ఫిల్ములోని వెండిని రసాయనంతో మారుస్తారు, అప్పుడు మంచు తెల్లగానే ఉండి నీడలు మాత్రం రంగు తేలతాయి. మీరు చెప్పిన నీలి మంచు మొదటి పద్ధతి. అలా కాక మొహాలు చర్మం రంగులో, కోట్లు గోధుమరంగులో కనిపిస్తుంటే అది ఈ మధ్య కంప్యూటర్‌తో వేసిందే. అలాంటి వాటిలో కుక్కల కాళ్లు, స్లెడ్జ్ తాళ్లు చూడండి, కదిలేటప్పుడు కరిగిపోయి మళ్లీ అతుక్కుంటాయి. అది పిల్లలకు చూపించొద్దని నా సలహా.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఓడలో నల్ల పిల్లి ఒకటి కనిపిస్తుంది, దానికి పెట్టిన పేరు నల్లజాతివారిని కించపరిచే తిట్టు. టైటిల్ కార్డు మీద, అంటే సీన్ల మధ్యలో మాటలు రాసి చూపించే కార్డు మీద, ఆ పేరు అలాగే ఉంటుంది. దాటించేయండి, లేదా పెద్ద క్లాసు అయితే ఆపి మాట్లాడండి. తెలియకుండా మాత్రం తెర మీదకు రానివ్వొద్దు.

మరొకరు:

పైన చెప్పినదానికి తోడు. స్కాట్ తర్వాత అంటార్కిటికాకు వెళ్లిన షాకిల్టన్ బృందంలో, ఎండ్యూరెన్స్ ఓడ మీద ఫ్రాంక్ హర్లీ తీసిన 'సౌత్' (1919) కూడా ఇలాగే చూడాలి మేడమ్. అందులో మంచు ఒత్తిడికి ఓడ నలిగి స్తంభాలు కూలిపోయే షాట్ అక్షరాలా నిజం. నీళ్లు నిండిన ఓడలోకి దిగి మరీ నెగటివ్‌ల డబ్బాలు బయటికి తీశాడు. మోయలేక సుమారు 400 గాజు నెగటివ్‌లు అక్కడే పగలగొట్టి, 120 దాకా ఉంచుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేతిలో మిగిలింది ఒక చిన్న కొడాక్, మూడు రోళ్లు. కాబట్టి ఓడ పోయాక ఎలిఫెంట్ దీవిలో 22 మంది సాయం కోసం ఎదురుచూసిన రోజులకు కదిలే బొమ్మలు లేనే లేవు. సినిమాలో జంతువులున్న భాగం 1917లో సౌత్ జార్జియాకు మళ్లీ వెళ్లి తీసుకొచ్చింది. పిల్లలకు పెంగ్విన్లు ఇష్టమే, కానీ అవి ఆ కష్టకాలంలో తీసినవి కావని చెప్పండి.

అడిగిన టీచర్:

చాలా చాలా థాంక్సండి, ఎంత టెన్షన్ తగ్గిందో. ఇంకో రెండు. ఇంగ్లీషు టైటిల్ కార్డులు మా పిల్లలు చదవలేరు. పైగా మా హెచ్ఎం గారు దీన్ని తెలుగు మాటలతో స్కూలు ఛానల్లో పెడదామంటున్నారు, కేసులేమీ రావు కదా?

జవాబు:

క్లాసులో పాఠంలో భాగంగా చూపించడానికి భయం అక్కర్లేదు, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో బోధనకు వెసులుబాటు ఉంది. మన దేశంలో సినిమాకు హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, కాబట్టి 1924 నాటి బొమ్మలకు అది తీరిపోయింది. కొత్త కాపీకి పెట్టిన సంగీతం మాత్రం ఇప్పటిది. ఛానల్లో పెట్టేటట్టయితే ఆ సంగీతం తీసేయండి, బాగు చేసిన కొత్త కాపీ కాకుండా పాత కాపీ నుంచి ముక్కలు తీసుకోండి. అసలు ఫిల్ముకు శబ్దమే లేదు, గాలి హోరు వినిపిస్తే అది తర్వాత చేర్చిందే.

సౌండ్ మొత్తం ఆపేసి మీరే పక్కన నిలబడి తెలుగులో చెప్పండి. పాంటింగ్ కూడా 1914లో లండన్ ఫిల్‌హార్మోనిక్ హాల్లో ఈ ఫిల్ము వేస్తూ పక్కన నిలబడి తనే చెప్పేవాడు. కార్డు రాగానే పాజ్ చేయండి, చదివి వినిపించండి, ప్లే నొక్కండి. ముప్పై నిమిషాలు మించొద్దు. ఓడ ముందుభాగం మంచును చీల్చే షాట్‌తో మొదలుపెడితే పిల్లలు కళ్లు తిప్పరు. అది తీయడానికి ఓడ పక్కన పలకలు బయటికి కట్టించుకుని వాటి మీద పడుకుని హ్యాండిల్ తిప్పాడు పాంటింగ్.

అడిగిన టీచర్:

శనివారం వేశానండి. మాది పాత కాపీయే, 0.75 పెట్టాను. బండి లాగే సీనులో ఈసారి ఎవరూ నవ్వలేదు. గుడారంలో నలుగురినీ లెక్కపెట్టారు, వెనక బెంచీ పిల్లాడే ముందు "ఓట్స్ ఏడి టీచర్?" అన్నాడు. ఓట్స్ గుర్రాల సంగతి చూసేవాడని చెబితే, ఒక పాప "మన ఇండియా నుంచి ఎవరూ వెళ్లలేదా?" అని అడిగింది. ఈ ప్రశ్న కూడా మీకే వదిలేస్తున్నాను.

జవాబు:

మనుషుల సంగతి కాదు గానీ కంచర గాడిదలు వెళ్లాయని చెప్పండి మేడమ్. భారత సైన్యం నుంచి 7 కంచర గాడిదలు 1912 మొదట్లో టెర్రా నోవాలోనే అక్కడికి చేరాయి. వాటి పేర్లు లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, ప్యారీ, అబ్దుల్లా, ఖాన్ సాహిబ్. ఆ ఏడాది చివర్లో స్కాట్ వాళ్లను వెతుకుతూ వెళ్లిన బృందానికి స్లెడ్జ్ బండ్లు లాగాయి. అప్పటికి పాంటింగ్ వెళ్లిపోయాడు, కాబట్టి ఆ వెతుకులాట ఆయన ఫిల్ములో లేదు. పేర్లు బోర్డు మీద రాయించండి.